ఎదురు తూకం: శ్రీ ఓబళప్పగారి పద్ధెనిమిదేళ్ళు

1950 ఫిబ్రవరి 6, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు శ్రీ ఓబళప్పగారు బెంగళూరు మాగడి రోడ్డులోని పినాకిని మెటల్ వర్క్స్‌లో ఉద్యోగంలో చేరారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై తొమ్మిది సంవత్సరాలు. హాజరు పుస్తకంలో ఆయన పేరుకు ఎదురుగా ‘తూకం సరిచూచువాడు’ అని ఉన్నది. 1968 మార్చి 30, శనివారం సాయంత్రం ఐదు గంటలకు ఆయన అదే పనినుండి విరమిస్తున్నారు. ఈ మధ్యకాలంలో సేర్లు పోయి కిలోలు వచ్చాయి, కార్ఖానా రేకుల కప్పు పోయి పెంకుల కప్పు వచ్చింది, పనివారు పంతొమ్మిది మందినుండి అరవై రెండు మందికి పెరిగారు. ఆయన పని పేరు మాత్రం మారలేదు.

ఓబళప్పగారు ఆనేకల్‌లో నేతపనివారి కుటుంబంలో జన్మించారు. పదునెనిమిదవ ఏట బెంగళూరు వచ్చి, తరగుపేటలోని ఒక ధాన్యపు మండీలో ఇరవై ఒక్క సంవత్సరాలు తూకందారుగా పనిచేశారు. యజమాని మరణానంతరం ఆ మండీ మూతపడింది. తూకపు రాళ్ళు వాడిన చేతులు తూకపు రాళ్ళు తయారుచేసే చోటికి ఆ విధంగా వచ్చాయి.

చేరిన రోజు ఆయన ఒక్క రాయి కూడా తూచలేదు. త్రాసు నిలిపిన బల్ల గోడవైపు వాలి ఉన్నదని గమనించి, మధ్యాహ్నం వరకు బల్లకాళ్ళ కింద చెక్కముక్కలు పెడుతూ, తీస్తూ గడిపారు. కార్ఖానా యజమాని శ్రీ వెంకటరాయప్పగారు వచ్చి చూశారు.

“నిన్ను పెట్టుకొనింది తూకానికప్పా, వడ్రంగానికి కాదు.”

“బల్ల వాలితే త్రాసు వాల్తాది సామీ. త్రాసు వాలితే మీ పేరు వాల్తాది.”

యజమాని మరొక చెక్కముక్క తెప్పించి ఇచ్చారు. ఆ బల్ల ఈనాటికీ అక్కడే ఉన్నది.

ఇనుపరాయి అచ్చులో పోసినప్పుడు సరైన బరువుతో రాదు. కావాలనే కొంత తక్కువగా పోసి, అడుగున ఒక గుంట వదులుతారు. త్రాసులో ఒకవైపు ప్రమాణపు రాయి, మరొకవైపు కొత్త రాయి పెట్టి, రెండూ సమానమై కొత్తది వెంట్రుకవాసి మొగ్గేవరకు ఆ గుంటలో సీసం నింపి, దిమ్మిసతో కొట్టి, ఆ సీసంపైన కార్ఖానా గుర్తు, గంప సంఖ్య, అంటే ఆ వారపు విడత సంఖ్య, వేస్తారు. ఆ తరువాత తూనికల ఇన్‌స్పెక్టరు పరీక్షించి ప్రభుత్వ ముద్ర వేస్తాడు. ప్రమాణానికి కొంతవరకు ఎక్కువైతే చెల్లుతుంది, తక్కువైతే చెల్లదు. సీసం నింపే ఈ పని ఓబళప్పగారిది.

అదే రోడ్డులో, మూడు వందల గజాల దూరంలో నందిదుర్గ ఫౌండ్రీ ఉన్నది. వారూ తూకపు రాళ్ళే చేస్తారు. యజమాని శ్రీ పెద్దమునియప్పగారు. తూకం చూసేది శ్రీ చెన్నరాయప్పగారు, బాగేపల్లి దగ్గరి వ్యక్తి, ఓబళప్పగారికంటే సంవత్సరం చిన్నవారు. 1950లో ఈ రెండు సంస్థల మధ్య మాటలు లేవు. ఇరువురు యజమానులు వర్తక సంఘం సమావేశాలలో వేర్వేరు వరుసలలో కూర్చునేవారు. సంతలకు వెళ్ళే పినాకిని మనుషులు నందిదుర్గ రాయి తేలిక అని చెప్పేవారు; నందిదుర్గ మనుషులు పినాకిని రాయి బరువు అని చెప్పేవారు. విన్న దుకాణదారులు రెంటినీ నమ్మారు. 1954, 55 సంవత్సరాలలో ఆనేకల్, హూడి సంతలలో రెండు సంస్థల రాళ్ళూ తగ్గి, బొంబాయినుండి వచ్చే రాళ్ళు పెరిగాయి.

1956 ఆగస్టులో ఆనేకల్ సంతలో ఒక బెల్లం వ్యాపారి త్రాసు ఒక పళ్ళెంలో పినాకిని సేరు రాయి, మరొక పళ్ళెంలో నందిదుర్గ సేరు రాయి పెట్టి జనానికి చూపించాడు. ముల్లు మధ్యలో నిలవలేదు. ఈ వార్త రెండు కార్ఖానాలకూ చేరింది. మరుసటి సంతకు ఓబళప్పగారు ఒక బస్సులో, చెన్నరాయప్పగారు మరొక బస్సులో ఆనేకల్ వెళ్ళారు. ఇద్దరూ ఒకే వ్యాపారి ముందు నిలబడ్డారు.

“యా రాయి సరైందో చెప్పండప్పా,” అన్నాడు వ్యాపారి.

“మాది,” అన్నారు ఇద్దరూ.

“బాగుండాది. మీ ఇద్దరి రాళ్ళూ నాకొద్దు. ఎత్తుకొని పోండి.”

చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆ రోజు ఏ రాయి సరైనదో తేలలేదు. తిరుగు ప్రయాణానికి ఒకటే బస్సు మిగిలింది, అందులో రెండు చోట్లే ఖాళీ ఉన్నాయి, అవి పక్కపక్కన ఉన్నాయి. కలాసిపాళ్యం బస్టాండు చేరేవరకు జరిగిన సంభాషణను ఓబళప్పగారు చాలామందికి చెప్పారు.

“మా రాయి బరువని చెప్తా తిరగతారంటనే మీవాళ్ళు?” అని ఓబళప్పగారు అడిగారు.

“మాది తేలికని మీవాళ్ళు చెప్పరా అన్నా? లెక్క సరిపోయింది.”

“సరిపోయింది. బొంబాయివాడు నవ్వుతా ఉండాడు.”

కొంతసేపటికి చెన్నరాయప్పగారు అన్నారు: “నీ రాయి సరిగా ఉండాదని నీ త్రాసే గదా చెప్పేది. నా రాయికి నా త్రాసే సాక్షి. ఇంట్లోవాళ్ళ సాక్ష్యం ఎవరు నమ్ముతారన్నా?”

“అయితే నీ రాయి నా త్రాసులో పెట్టు. నాది నీ త్రాసులో పెడతా.”

మరునాడు ఓబళప్పగారు ఈ మాట వెంకటరాయప్పగారికి విన్నవించారు. యజమాని మొదట ఒప్పుకోలేదు.

“పగవాని త్రాసులో మన రాయి పెట్టేదా? నీకేమన్నా తిక్క పట్టిందా?”

“మన త్రాసు మన మాటే చెప్తాది సామీ. మన తప్పు చెప్పేది పగవాని త్రాసే.”

వెంకటరాయప్పగారు నాలుగు రోజులు ఆలోచించి, ఒక షరతుతో అంగీకరించారు: రాళ్ళు తప్ప మరేమీ గడప దాటరాదు. ధరలు, కొనేవారి పేర్లు, ఇనుము ఎక్కడినుండి వస్తుందన్న సంగతి ఏ ఒక్కటీ మాటల్లోకి రాకూడదు. అవతల పెద్దమునియప్పగారు కూడా ఇదే షరతు విధించారని తరువాత తెలిసింది. ఇద్దరు యజమానులూ మాట్లాడుకోకుండానే ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయం ఇది.

1956 సెప్టెంబరు 1, శనివారం నాడు మొదటి ఎదురు తూకం జరిగింది. ఆ పేరు పనివారు పెట్టినది. పద్ధతి ఇది. ప్రతి శనివారం ఉదయం ఒక సంస్థ మనిషి రెండవ సంస్థకు వెళ్ళి, ఆ వారం తయారైన రాళ్ళ గంపకు వీపు పెట్టి నిలబడి, చెయ్యి వెనక్కి చాచి ఐదు రాళ్ళు తీయాలి. చూసి ఎంచుకోరాదు. తీసిన రాళ్ళు సంచిలో వేసుకొని తన కార్ఖానాకు వెళ్ళి తూచి, సాయంత్రానికి ఫలితం చీటీపై వ్రాసి రాళ్ళతోపాటు తిరిగి ఇవ్వాలి. నందిదుర్గనుండి ఎప్పుడూ చెన్నరాయప్పగారే వచ్చేవారు, పినాకినినుండి ఎప్పుడూ ఓబళప్పగారే వెళ్ళేవారు. వీపు తిప్పి గంపలో చెయ్యి పెట్టే ఈ ఇద్దరు పెద్దమనుషులను చూసి, దొంగకోళ్ళు పట్టేవాళ్ళలాగా ఉండారని మా మునివెంకటమ్మ అనేది. పోతపోసిన రాళ్ళకు ఇసుక దులిపే పని ఆమెది. ఆమె మాట ఈ వ్యాసంలో మరొకసారి రావలసి ఉన్నది.

మొదటి నెలలో రెండువైపులా తప్పులు దొరికాయి. పినాకిని త్రాసు కాడ ఆని ఊగే కత్తి అంచు అరిగి ఉన్నదని చెన్నరాయప్పగారు కనిపెట్టారు. నందిదుర్గ రెండుసేర్ల రాళ్ళలో సీసం వదులవుతున్నదని ఓబళప్పగారు కనిపెట్టారు. రెంటినీ ఎవరివి వారు సరిచేసుకున్నారు. ఆరు నెలల తరువాత ఇద్దరూ కలిసి ఆనేకల్ సంతకు వెళ్ళి, ఆ బెల్లం వ్యాపారి ముందు రెండు రాళ్ళూ ఆయన త్రాసులోనే పెట్టారు. ముల్లు మధ్యలో నిలిచింది. ఆయన రెండు సంస్థలనుండీ ఒక్కొక్క జత కొన్నారు.

1958 నుండి మెట్రిక్ తూనికలు దశలవారీగా అమలుకు వచ్చాయి. మైసూరు రాష్ట్రంలో ప్రతి దుకాణానికీ కిలో రాళ్ళు కావలసివచ్చింది. పినాకినికి తూనికల కార్యాలయంనుండి ఇత్తడి ప్రమాణపు రాళ్ళు ముందుగా అందాయి. కార్ఖానాలో అందరూ వాటిని సర్కారు రాళ్ళు అనేవారు. నందిదుర్గకు అవి రావడం నాలుగు నెలలు ఆలస్యమైంది. ప్రమాణపు రాయి లేనిదే ఒక్క కిలో రాయి కూడా చేయలేరు. ఆ నాలుగు నెలలు వారిని ఖాళీగా కూర్చోబెట్టడం పినాకినికి చేతిలోని పని. కానీ పినాకిని ఒక్కటే జిల్లాకు కావలసిన రాళ్ళలో మూడవవంతు కూడా పోయలేదు. రాళ్ళు దొరకని దుకాణదారులు సేర్లతోనే అమ్ముకుంటారు, లేదా బొంబాయికి వ్రాస్తారు. ఈ సంగతి ఓబళప్పగారు యజమానికి వివరించారు. కార్యాలయం అనుమతితో వారానికి రెండు రోజులు పినాకిని సర్కారు రాళ్ళు నందిదుర్గకు వెళ్ళాయి. ఆ నాలుగు నెలల్లోనే మైసూరు, తుమకూరు సహకార దుకాణాల ఆర్డర్ల కోసం రెండు సంస్థలూ ఒకదానిపై ఒకటి పోటీ పడ్డాయి. మైసూరు వారికి, తుమకూరు మనకు వచ్చాయి.

ఇక 1959 అక్టోబరు సంగతి. ఓబళప్పగారి అభీష్టం మేరకే దీనిని ఇక్కడ వివరంగా వ్రాయడమైనది. ‘నా గురించి వ్రాస్తే అది వ్రాయండి, లేకుంటే ఏమీ వద్దు’ అని ఆయన ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గానికి చెప్పారు.

ఆయుధపూజ ముందురోజు కార్ఖానాలో పనిముట్లన్నీ కడిగి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టడం ఆచారం. ఆ ఏడాది ఇత్తడి కిలో రాయికి నల్లని మచ్చ పట్టి ఉన్నది. దేవి ముందు మచ్చతో పెట్టడానికి ఓబళప్పగారికి మనసొప్పలేదు. చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు తీసుకొని గంటసేపు తోమారు. మచ్చ పోయింది. పూజలో ఆ రాయి అన్నిటికంటే ముందు నిలిచింది. అక్టోబరు 13, మంగళవారం పని తిరిగి ప్రారంభమైంది. శనివారం మధ్యాహ్నానికి ఆ రాయితో సరిచూసిన కిలో రాళ్ళు ఆరు వందల పన్నెండు. ఆ గంపకు సంఖ్య పి-41.

శనివారం ఎదురు తూకం రాళ్ళు ఉదయం తీసుకువెళ్ళిన చెన్నరాయప్పగారు సాయంత్రం రావలసినవారు రెండు గంటలకే వచ్చారు. చీటీ లేదు.

“ఏమన్నా, పండగ బాగా చేసినారా?”

“చేసినామప్పా. ఏంటికి ఇంత తొందరగా వచ్చినావు?”

“మీ రాళ్ళు చిక్కిపోయి ఉండాయి. పండగపూట వాటికి ఉపాసం పెట్టినారా ఏమి?”

ఓబళప్పగారు నవ్వారు. చెన్నరాయప్పగారు నవ్వలేదు.

“ఐదు తూచినా. ఐదూ తక్కువే. ఐదూ ఒకే లెక్కన తక్కువ. ఇన్నూరు మిల్లీగ్రాములు. చెయ్యి తప్పితే ఒకటి ఎక్కువ పోతాది, ఒకటి తక్కువ పోతాది. అన్నీ ఒకే తీరుగా తప్పితే చేతిది కాదన్నా తప్పు. నువ్వు ఎదురుగా పెట్టే రాయిది.”

తాను తెచ్చిన గుడ్డమూట విప్పి, నందిదుర్గ ఇత్తడి కిలో రాయిని బయటికి తీశారు. రెండు సర్కారు రాళ్ళనూ త్రాసులో ఎదురెదురుగా పెట్టారు. పళ్ళేలు మార్చి మళ్ళీ తూచారు. పినాకిని రాయి నాలుగు వందల మిల్లీగ్రాములు తక్కువ. ఎప్పుడూ రెండు వందల మిల్లీగ్రాములు ఎక్కువగా ఉంచే అలవాటు ఓబళప్పగారికి ఉన్నందున కొత్త రాళ్ళలో తేడా సగమే కనిపించింది. ఆగస్టులో ఇదే పరీక్షలో రెండు రాళ్ళూ సమానంగా నిలిచాయి. ఇత్తడి ఎక్కడికి పోయిందో ఇద్దరికీ తోచలేదు. ఇసుక దులుపుతున్న మునివెంకటమ్మ అక్కడినుండే అన్నది:

“తోమితే అరగదా అన్నా? మా అత్త ఇచ్చిన ఇత్తడి చెంబు, నేను కాపురానికొచ్చినప్పుడు ఎట్లుండె, ఇప్పుడెట్లుండాది! తోమి తోమి అంచు కాగితమయిపోయె. ఆ పొద్దు చెప్పలేదా నేను, అంత తోమొద్దన్నా అని? దేవికి మురికి రాయి పెట్టేదా అంటివి.”

ఓబళప్పగారు బల్ల పక్కన కూర్చున్నారు. సోమవారం ఉదయం ఇన్‌స్పెక్టరు ముద్రలు వేయడానికి వస్తారు. రాళ్ళన్నీ తక్కువని తేలితే తయారీ లైసెన్సు నిలిపివేస్తారు. అక్టోబరు 26న రాష్ట్ర సహకార దుకాణాల టెండరు తెరుస్తారు. లైసెన్సు లేని సంస్థ కాగితం పక్కన పడుతుంది. ఆనాడు కార్ఖానాలో నలభై ఆరుగురు పనివారు ఉన్నారు. టెండరులో పినాకినికి పోటీగా ఉన్నది ఒక్క నందిదుర్గే. చెన్నరాయప్పగారు చేయవలసిందల్లా సాయంత్రం వరకు ఆగి, చీటీ వ్రాసి పంపి, ఆదివారం ఇంట్లో కూర్చోవడం.

“మీ యజమానికి చెప్పినావా?” అని ఓబళప్పగారు అడిగారు.

“లేదు. ముందు నీకు చెప్పినా. నువ్వు నీ యజమానికి చెప్పు, నేను నా యజమానికి చెప్తా. ఆ తర్వాత పెద్దోళ్ళ పాడు, వాళ్ళే చూసుకోనీ.”

ఓబళప్పగారు వెంకటరాయప్పగారి గదిలోకి వెళ్ళి నిలబడ్డారు. “సర్కారు రాయి అరిగింది సామీ. నేనే తోమినా. నేనే తూచినా. ఆరు నూర్ల పన్నెండూ తక్కువే,” అని చెప్పారు. తనను పనినుండి తీసివేసి, ఆ కారణమే ఇన్‌స్పెక్టరుకు చెప్పవచ్చునని కూడా చెప్పారు. వెంకటరాయప్పగారు చెప్పులు వేసుకొని నందిదుర్గకు బయలుదేరారు.

అక్కడ జరిగినది చెన్నరాయప్పగారు చెప్పినది. పెద్దమునియప్పగారు గడపలోనే ఎదురువచ్చారు.

“పదైదేండ్లకు నా గడప తొక్కినావు. కూర్చోప్పా. కాఫీ తాగుతావా, లేకుంటే అదీ మీ త్రాసులో తూచాల్నా?”

“తాగుతా. నాకు నీ సర్కారు రాయి కావల్ల. రేపొక్కదినం.”

“ఇవ్వకుంటే?”

“ఇవ్వకుంటే టెండరు నీదే.”

పెద్దమునియప్పగారు కాఫీ తెప్పించారు. తరువాత అన్నారు: “మాగడి రోడ్డు రాయి తక్కువని సోమవారం పేపర్లో పడితే, అది నీదా నాదా అని జిగణిలో ఉండేవానికి తెలుస్తాదా? ఒకతూరి ఆనేకల్‌లో చూసినాము గదా ఇద్దరమూ. రాయి పంపిస్తా. మనుషుల్నీ పంపిస్తా. టెండరులో మాత్రం వదలను. అది వేరే, ఇది వేరే.”

“నేనూ వదలను,” అన్నారు వెంకటరాయప్పగారు.

అక్టోబరు 18, ఆదివారం ఉదయం ఆరు గంటలకు పినాకిని కార్ఖానాలో నాలుగు త్రాసులు నిలిచాయి. రెండు మనవి, రెండు నందిదుర్గవి. రెండు సంస్థలనుండి పన్నెండు మంది వచ్చారు. పి-41 గంపలో మిగిలిన ఐదు వందల డెబ్బై నాలుగు రాళ్ళనూ ఒక్కొక్కటిగా నందిదుర్గ ప్రమాణంతో తూచి, గుంటలో సీసం చేర్చి, తిరిగి కొట్టారు. మధ్యాహ్నం ఓబళప్పగారి సతీమణి శ్రీమతి సొన్నమ్మగారు రాగిముద్దలు, ఉలవచారు పంపారు. తోమిన చెంబుతో నీళ్ళు తాగవచ్చునా, లేక బరువు తగ్గుతామా అని చెన్నరాయప్పగారు అడిగారు. సాయంత్రం నాలుగున్నరకు చివరి రాయి పూర్తయింది.

సోమవారం ఇన్‌స్పెక్టరు రాగానే, రాళ్ళకంటే ముందు ఓబళప్పగారు ఒక కాగితం ఇచ్చారు. అది తాను స్వయంగా వ్రాసినది. ‘ఆయుధపూజ నిమిత్తం ప్రమాణపు కిలో రాయిని నా చేతితో తోమినందున అది అరిగినది. దానితో తూచిన రాళ్ళను నందిదుర్గ వారి ప్రమాణముతో తిరిగి సరిచేసినాము. తప్పు నాది.’ ఇన్‌స్పెక్టరు రాళ్ళను తన ప్రమాణంతో పరీక్షించి ఐదు వందల డెబ్బై నాలుగింటికీ ముద్ర వేశారు. ఇత్తడి రాయిని స్వాధీనం చేసుకున్నారు. సంస్థకు ఒక హెచ్చరిక లేఖ వచ్చింది. అది దస్త్రంలో ఉన్నది. కొత్త ప్రమాణపు రాయి రావడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. అంతవరకు కార్యాలయం అనుమతితో, నందిదుర్గ రాయి దినం విడిచి దినం మాగడి రోడ్డులో అటూ ఇటూ నడిచింది.

26న టెండరు తెరిచారు. మూడింట రెండువంతులు నందిదుర్గకు, ఒకవంతు పినాకినికి వచ్చాయి. “రాయి ఇచ్చినాడు, ఆర్డరు ఎత్తుకొని పోయినాడు,” అని వెంకటరాయప్పగారు అన్నారు. మరుసటి ఏడాది టెండరులో ఈ నిష్పత్తి తిరగబడింది. అప్పుడు పెద్దమునియప్పగారు ఏమన్నారో నమోదు కాలేదు.

మిగిలిన ముప్పై ఎనిమిది రాళ్ళు ఆ వారం బుధవారమే ముద్రపడి బయటికి వెళ్ళాయి. ఆ రోజు పరీక్షకు తీసిన నమూనాలు పండుగకు ముందరి గంపవి. ఆనేకల్‌కు ఇరవై, జిగణికి పన్నెండు, హూడికి ఆరు. ఓబళప్పగారు తొమ్మిది రోజులు సెలవు పెట్టి, ఈ మూడు ఊళ్ళూ తిరిగి, ఒక్కొక్క రాయికి బదులు సరైన రాయి ఇచ్చి ముప్పై ఏడు వెనక్కి తెచ్చారు. జిగణిలో దుకాణదారు కదిరప్ప పదకొండు రాళ్ళు చూపించాడు.

“పన్నెండోది?”

“సంతరోజు ఎవురికో ఇచ్చినానప్పా. యాడ గుర్తుంటాది? ఒక్క రాయికి ఇంత బేజారెందుకు?”

“అది దినానికి నూరుమార్లు త్రాసెక్కుతాది. ఎక్కినప్పుడంతా నేను అబద్ధం చెప్పినట్లే.”

ఆ రాయికోసం ఓబళప్పగారు ఎనిమిదేళ్ళు వెతికారు. సెలవు దొరికిన సంతరోజున జిగణి వెళ్ళి, వరుసగా దుకాణాలముందు కూర్చుని, కిలో రాళ్ళు తిరగేసి అడుగున పి-41 ఉన్నదేమో చూసేవారు. తూనికల ఇన్‌స్పెక్టరు అనుకొని ఇద్దరు వ్యాపారులు ఆయనకు టెంకాయలు ఇవ్వబోయారు. సొన్నమ్మగారు ఈ విషయమై చెప్పినది: “బెల్లం తెమ్మని పంపిస్తే రాళ్ళు తిరగేసి వొట్టి చేతుల్తో వస్తాడు. నన్ను కాదు, ఆ రాయిని కట్టుకొనింటే బాగుండేది.”

1960 నుండి రెండు కార్ఖానాలలోనూ ఆయుధపూజనాడు ప్రమాణపు రాళ్ళ పెట్టె మూత తెరవరు. పువ్వులు, కుంకుమ మూతమీదే పెడతారు.

తరువాతి సంవత్సరాల సేవ క్లుప్తంగా. 1962 చివరలో బొగ్గుకు, దుక్క ఇనుముకు కరువు వచ్చినప్పుడు, రైల్వే ఒక వాగనుకు తక్కువ ఇవ్వనందున, ఏ ఒక్క సంస్థా ఒక వాగను వాడుకోలేనందున, రెండూ కలిసి తెప్పించుకొని గూడ్సుషెడ్డులోనే పంచుకునే ఏర్పాటుకు ఓబళప్పగారే మాట తెచ్చారు. పంపకం తూకం కూడా ఎదురు తూకమే: మనవారు తూచిన కుప్ప వారు తీసుకోవాలి, వారు తూచిన కుప్ప మనం తీసుకోవాలి. అదే ఏడాది మన అచ్చుల మేస్త్రి ఒకరిని నందిదుర్గ తన వద్దకు తీసుకున్నది. 1964లో కోలారు జిల్లాలో వారికి రాళ్ళు అమ్మిపెట్టే వర్తకుణ్ణి పినాకిని తనవైపు తిప్పుకున్నది. ఈ రెండూ జరిగిన వారాలలో కూడా శనివారం రాళ్ళు యథావిధిగా చేతులు మారాయి. మన కార్ఖానాలో ఇప్పుడు తూకం చూసే తొమ్మిది మందీ ఓబళప్పగారి వద్ద పని నేర్చినవారు. 1956 సెప్టెంబరునుండి ఈ మార్చి 16 వరకు గడిచిన ఆరు వందల మూడు శనివారాలలో ఎదురు తూకం ఐదు వందల ఎనభై ఎనిమిది పర్యాయాలు జరిగింది. మిగిలిన పదిహేను పండుగలకు, ఒక సమ్మెకు పోయాయి.

మార్చి 16న, ఓబళప్పగారి పదవీకాలంలో చివరినుండి మూడవ శనివారం, ఆయన నందిదుర్గకు వెళ్ళారు. గంపకు వీపు పెట్టి, చెయ్యి వెనక్కి చాచారు. గంపలో ఒక్క రాయే ఉన్నది.

“ఏమప్పా, ఈ వారం ఒక్కటే పోసినారా? కార్ఖానా మూసేస్తా ఉండారా ఏమి?”

“తిరగేసి చూడన్నా,” అన్నారు చెన్నరాయప్పగారు.

అడుగున పినాకిని గుర్తు, దాని కింద పి-41.

చెన్నరాయప్పగారి చెల్లెలిని జిగణిలో ఇచ్చారు. ఆయన అక్కడికి పెళ్ళిపిలుపుకు వెళ్ళి, పక్కింట్లో పాపక్క అనే ఆమె బియ్యం డబ్బామీద ఈ రాయిని చూశారు. 1959లో సంతలో కొన్నదని, త్రాసు కొనాలనుకొని కొనలేదని, ఆనాటినుండి రాయి డబ్బామీదే ఉన్నదని ఆమె చెప్పింది. “తూకానికి కాదప్పా. ఎలుకలు మూత తోస్తాయి, అందుకు,” అన్నది. ఆ రాయి ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా త్రాసెక్కలేదు.

ఓబళప్పగారు ఈ సంగతి విని, ఎవరికీ ఏమీ తక్కువ పోలేదా అని రెండుసార్లు అడిగారు. లేదని చెన్నరాయప్పగారు రెండుసార్లు చెప్పారు.

శ్రీ ఓబళప్పగారు విశ్రాంత జీవితాన్ని ఆనేకల్‌లో, సతీమణి శ్రీమతి సొన్నమ్మగారితోను, అక్కడి పాఠశాలలో ఉపాధ్యాయినిగా ఉన్న కుమార్తె చి.సౌ. సుశీలతోను గడపనున్నారు. ఆయనకు కంటిచూపు, చేతి నిలకడ ఇప్పటిలాగే చిరకాలం నిలవాలని, నూరేళ్ళ ఆయుష్షులో ఒక్క దినమైనా తక్కువ తూగరాదని, సంతకు వెళ్ళినప్పుడు ఇక బెల్లంతో ఇల్లు చేరాలని పినాకిని మెటల్ వర్క్స్ యాజమాన్యం, సహోద్యోగులు, నందిదుర్గ ఫౌండ్రీ వారు మనసారా కోరుతున్నారు. వచ్చే శనివారంనుండి ఎదురు తూకానికి శ్రీ మునినారాయణప్ప వెళతారు.

జిగణి రాయిని మార్చి 16 సాయంత్రం తూచారు. రెండు వందల ముప్పై మిల్లీగ్రాములు తక్కువ. ఓబళప్పగారు సీసం చేర్చి సరిచేశారు. 18న ఇన్‌స్పెక్టరు తిరిగి ముద్ర వేశారు. 20వ తేదీ, బుధవారం, ఓబళప్పగారు బస్సులో జిగణి వెళ్ళి రాయిని పాపక్కకు ఇచ్చారు. ఆమె దానిని బియ్యం డబ్బా మూతమీద పెట్టింది.